సంచిలో ఉన్న మాట

12 సెప్టెంబర్, 1983

అరవై నాలుగు పేజీల నోటుపుస్తకం. కొట్లో గీతల కాగితం లేదు, గళ్ళ కాగితమే ఉంది. గళ్ళలో అక్షరాలు బుద్ధిగా నిలబడతాయి. అదీ మంచిదే.

ఇవాళ్టి నుంచి నేను పగలు ప్రాసిక్యూటర్ ఆఫీసులో టైపిస్టుని, సాయంత్రం ఇన్‌స్టిట్యూట్‌లో భాషాశాఖ రెండో ఏడు విద్యార్థినిని. కొత్తగా విన్న మాటలు ఎప్పటికప్పుడు ఇందులో రాసుకోవాలని నియమం పెట్టుకున్నాను. విన్నది విన్నట్టు ఒకటి, దాని సరైన రూపం ఒకటి.

మొదటి మాట: ట్రాన్వాయ్. సరైన రూపం ట్రాంవాయ్. ఒకే వంటిల్లు పంచుకునే మా ఉమ్మడి ఫ్లాటులో పక్క గది యెఫీమ్ బాబాయి, ట్రాం డిపోలో మెకానిక్కే అయినా, అలాగే అంటాడు. పొద్దున వంటింట్లో మళ్ళీ దిద్దాను. "మ్, బాబాయ్, మ్. పెదాలు మూసి అనాలి."

"పెదాలు మూయడం నాకు రాదమ్మా జీనా. కావాలంటే మీ పిన్నినడుగు," అన్నాడు. తయా పిన్ని గంటె చూపించి, పాతికేళ్ళుగా ప్రయత్నిస్తున్నానంది.

20 సెప్టెంబర్

దర్యాప్తు అధికారి అర్కాదీ సవేల్యెవిచ్ గారి చేతిరాత ఆఫీసులో నాకొక్కదానికే అర్థమవుతుందట. సాక్షులు చెప్పింది ఆయన గబగబా గీకి పారేస్తారు, నేను టైపు చేస్తాను, సంతకాలు అయ్యాక చేతిరాత కాగితం చించేస్తాం. తప్పులుంటే నన్నే దిద్దమన్నారు. "నువ్వు టైపు చేశాక చదువుకుంటే నేనూ చదువుకున్నవాడిలా ఉంటాను అమ్మాయ్," అన్నారు. ఇంటికి వచ్చేదాకా ఆ మాటే తలచుకున్నాను.

30 సెప్టెంబర్

రైలు కట్ట పక్క అడవిలో ఇంకో ఆడమనిషి శవం దొరికింది. వేసవి నుంచి ఇది మూడోది. పేపర్లో ఒక్క ముక్క లేదు. సాసేజుల క్యూలో మాత్రం అందరికీ అన్నీ తెలుసు. యెఫీమ్ బాబాయి క్యూ నుంచి ఖాళీ సంచితో వచ్చి, "మన దేశంలో హంతకులు లేరు, పేపర్లో రాయలేదుగా. సాసేజులు పేపర్లో ఉన్నాయి, కొట్లోనే లేవు," అన్నాడు. పిన్ని తలుపు మూసింది. ఇది ఇక్కడ రాయకూడదు. రాసేశాను.

లోకల్ రైళ్ళ ప్లాట్‌ఫారాల మీద ఇప్పుడు ఎర్రపట్టీ వాళ్ళు కాపలా తిరుగుతున్నారు. చేతికి ఎర్ర గుడ్డ కట్టుకుని పోలీసులకి సాయపడే మామూలు పౌరులు. వాళ్ళ జాబితా ఇవాళ నేనే టైపు చేశాను: పేరు, పుట్టిన ఊరు, ఉద్యోగం, కాపలా రోజులు. కాగితాలు తెచ్చింది బట్టలమిల్లు స్టోర్‌కీపర్ రోగొవ్. మత్వేయ్ కుజ్మిచ్ రోగొవ్. లోపలికి రాగానే టోపీ తీశాడు. ఆడపిల్లలు ఒంటరిగా తిరగకూడదని, నన్ను ట్రాం స్టాపు దాకా దిగబెట్టాడు. సంచిలోంచి ఉల్లిపాయ వాసన. దర్యాప్తులో ఏమైనా తెలిసిందా అని అడిగాడు. నేను చెప్పకూడదని చెప్పాను. "మంచి పని. ఎవరికీ చెప్పకండి," అన్నాడు.

14 అక్టోబర్

మంచి రోజు. ఒక పిల్ల బతికి బయటపడింది.

ల్యూస్యా, తొమ్మిదేళ్ళు, నేతమనిషి కూతురు. నిన్న మధ్యాహ్నం మూడింటికి, చివరి స్టేషను ముందు హాల్టులో, బెంచీ మీద కూర్చుని ఉంటే ఒకతను పలకరించి అడవి దారిలోకి తీసుకెళ్ళాడు. పట్టాలు చూసుకునే మనిషి ఎదురొచ్చి కేకేశాడు. అతను పారిపోయాడు. పిల్ల మొహం సరిగ్గా చెప్పలేకపోతోంది, టోపీ, సంచి అంటోంది. కానీ అతను అన్న మాటలు చెప్పింది: "నా సంచిలో తర్మజోక్ ఉంది, రా, ఇస్తాను."

కొత్త మాట: తర్మజోక్. ఎంత ముద్దుగా ఉంది! తోర్మజ్ అంటే బ్రేకు. చివర 'ఓక్' చేరిస్తే మన భాషలో ఏదైనా చిన్నదీ ముద్దుదీ అయిపోతుంది కదా, పిల్ల బ్రేకుని కూడా బొమ్మని చేసేసింది. పిల్లల నోట్లో మాటలు ఎలా మారతాయో ఇన్‌స్టిట్యూట్‌లో మా టీచరు అవ్గుస్తా ల్వోవ్నా గారికి వ్యాసం రాయాలి.

సరైన రూపం టైపు చేశాను: "సంచిలో బ్రేకు ఉంది, రా, చూపిస్తాను." పిల్లకి బ్రేకు ఎవరిస్తారు, చూపిస్తాడు గానీ. తల్లి ఏడుస్తూ చదవకుండానే సంతకం పెట్టింది. అర్కాదీ సవేల్యెవిచ్ గారు చదివి లేచి నిలబడ్డారు. "బ్రేకా! అయితే డ్రైవరో మెకానిక్కో!" అన్నారు. మూడు నెలల్లో మొదటి ఆనవాలట.

19 అక్టోబర్

యెఫీమ్ బాబాయిని పట్టుకెళ్ళారు.

20 అక్టోబర్

పదమూడో తారీకున ఆయన ఆ రైల్లోనే ఉన్నాడు, చెల్లెలికి ఊరగాయ పుట్టగొడుగులు ఇచ్చి వస్తూ. సంచిలో బ్రేకు ముక్కలు దొరికాయి. సంచిలో బ్రేకు ఉందని పిల్ల చెప్పింది. దొరికాయి. కాబట్టి మాట సరైనదే.

2 నవంబర్

వంటింట్లో అందరూ తయా పిన్ని గిన్నెని పొయ్యి మీదనుంచి దించి పక్కన పెడుతున్నారు. ఎవరో ఆమె బల్ల మీది బల్బు విప్పేశారు. ఆమె చీకట్లోనే బంగాళాదుంపలు తరుగుతోంది.

10 నవంబర్

పిన్ని ఉప్పు అడిగింది. లేదన్నాను. ఉంది.

6 డిసెంబర్

బాబాయి ఒప్పుకున్నాడు. మూడు హత్యలూ, ల్యూస్యా సంగతీ. తొమ్మిది పేజీల ఒప్పుకోలు, అర్కాదీ సవేల్యెవిచ్ గారు చెబుతుంటే నేను టైపు చేశాను. కింద ప్రతి పేజీకీ బాబాయి సంతకం ఉంటుంది. "ట్రాంవాయ్ ఎక్కి స్టేషనుకి వెళ్ళాను" అనే వాక్యంతో మొదలవుతుంది. వాక్యాలు పొందికగా ఉన్నాయి, ఒక్క తప్పు లేదు. నిర్దోషమైన భాష.

ఇంతకుమించి రాయబుద్ధి కావడం లేదు.

7 డిసెంబర్

నేను సరిచేసింది అక్షరాలే.

15 జనవరి, 1984

పరీక్షలు. మాండలికాల పాఠంలో అవ్గుస్తా ల్వోవ్నా గారు మా అందరినీ లేపి నిలబెట్టి చెప్పించారు: చెప్పేవాడి మాట దిద్దకూడదు, విన్నది విన్నట్టు రాయాలి, అర్థం తెలియకపోతే మళ్ళీ అడగాలి. "మీకు తెలియని మాటంతా తప్పు కాదు పిల్లలూ, మీ తెలివి అక్కడిదాకానే ఉందని అర్థం," అన్నారు. అందరూ నవ్వారు. నేనూ.

27 జనవరి

నాలుగో శవం. ఇంకో స్టేషను దగ్గర. బాబాయి జైల్లో ఉండగా. అర్కాదీ సవేల్యెవిచ్ గారు వేరే ఫైలు తెరిచి, వేరే రంగు తాడు కట్టారు. "ఇది వేరే కేసు. వాణ్ణి చూసి ఇంకెవడో నేర్చుకున్నాడు," అన్నారు. పేపర్లో లేని దాన్ని చూసి ఎలా నేర్చుకుంటారు? అడగలేదు.

ఆ మధ్యాహ్నం రోగొవ్ కొత్త జాబితా తెచ్చాడు. ఎంత జాగ్రత్తగా ఉన్నా ఇలా అవుతోందని బాధపడ్డాడు.

16 ఫిబ్రవరి

రాస్తాను, వరసగా.

మా తరగతిలో కొత్తగా చేరిన లెస్యా దక్షిణాన బొగ్గు గనుల ఊరి నుంచి వచ్చింది. సాయంత్రం విరామంలో కిటికీ గట్టు మీద పేపరు పొట్లం విప్పింది. రొట్టె, పందికొవ్వు, ఉల్లిపాయ. నన్ను పిలిచింది. "జీనా, చూస్తావేంటే, రా. తర్మజోక్ తిందాం."

ఏమన్నావ్ అన్నాను.

"తర్మజోక్. మీకు లేదా ఈ మాట? గనిలోకి దిగేవాళ్ళు వెంట కట్టుకెళ్ళే తిండి. పని ఆపి తింటారు కదా, అందుకేమో. మా నాన్న రోజూ ఓ ముక్క మిగిల్చి తెచ్చేవాడు, దారిలో కుందేలు పంపిందని చెప్పి నాకిచ్చేవాడు. మా ఊళ్ళో చిన్నపిల్లల్ని మురిపించాలంటే అంతే, తర్మజోక్ ఉంది ఇస్తా రా, అంటారు."

ఇస్తా రా.

లెస్యా నా మొహం చూసి, ఒంట్లో బాగాలేదా అంది. రొట్టె ముక్క చేతిలో పెట్టింది. తినలేకపోయాను, జేబులో పెట్టుకున్నాను. ఇప్పుడు బల్ల మీద ఉంది. బ్రేకు కాదు. రొట్టె. పిల్ల ఏ మాటనీ ముద్దు చేయలేదు. దిద్దింది నేను. ఇస్తానన్నదాన్ని చూపిస్తానని మార్చింది కూడా నేను. బ్రేకు పట్టుకున్న మనిషి కోసం వెతికితే సంచిలో బ్రేకున్న మనిషి దొరికాడు. గోడకవతల తయా పిన్ని దగ్గుతోంది.

విచారణ మార్చి అయిదున. అభియోగపత్రం నాలుగో పేజీ చివర రాసిన సెక్షనుకి శిక్ష ఏమిటో నాకు తెలుసు, టైపు చేశాను కదా. కాల్చేస్తారు.

ఇంకొకటి. ఒప్పుకోలు మొదటి వాక్యంలోనే ట్రాంవాయ్ అని ఉంది. మ్‌తో. బాబాయి నోట్లో ఆ మాట పాతికేళ్ళుగా అలా పలకలేదు. డిసెంబర్‌లోనే చూశాను. నిర్దోషం అని రాశాను. భాషని.

17 ఫిబ్రవరి

అర్కాదీ సవేల్యెవిచ్ గారికి చెప్పాను. కుర్చీ చూపించి కూర్చోమన్నారు, అదే మొదటిసారి. మొత్తం విన్నారు. తర్వాత గొంతు తగ్గించి, తండ్రిలా మాట్లాడారు. ఆ చేతిరాత కాగితం లేదు. పిల్లకి తొమ్మిదేళ్ళు. ఒప్పుకోలు ఉంది. పైకి ఇప్పటికే తెలియజేశారు. వాంగ్మూలం మార్చిన టైపిస్టుకి ఏ సెక్షను పడుతుందో కూడా చెప్పారు, నెంబరుతో సహా.

"నీకు ఇరవై ఏళ్ళు అమ్మాయ్. ఒక్క మాట కోసం బతుకు పాడుచేసుకోకు. వెళ్ళి టైపు చేసుకో."

వెళ్ళి టైపు చేసుకున్నాను. సాయంత్రం అయిదు దాకా. ఒక్క తప్పు పోలేదు.

19 ఫిబ్రవరి, ఆదివారం

ల్యూస్యా ఇంటికి వెళ్ళాను. వెళ్ళకూడదు, తెలుసు. తల్లి ముందు తలుపు తీయలేదు. నేనే ఆ కాగితం టైపు చేసినదాన్నని చెప్పాను. అప్పుడు తీసింది.

పిల్ల నేల మీద కూర్చుని దారంతో బొమ్మకి జడ వేస్తోంది. నేను ఏ మాటా అందించలేదు. అతను ఏమన్నాడో ఇంకోసారి చెబుతావా అని మాత్రం అడిగాను.

తల ఎత్తకుండా చెప్పింది: "సంచిలో తర్మజోక్ ఉంది రా ఇస్తాను అన్నాడు. ఉల్లిపాయ వాసనొచ్చింది." తల ఎత్తి నన్ను చూసింది. "అప్పుడే చెప్పాను కదా. మీరు రాయలేదా?"

తల్లి నా వైపు తిరిగింది. నేను రాయలేదు అన్నాను. ఆ మాట బయటికి అనడం అదే మొదలు. రెండోసారికి సులువవుతుందేమో.

21 ఫిబ్రవరి

ఉత్తరం అయిదుసార్లు రాశాను. మొదటి నాలుగూ అందంగా వచ్చాయి, చించేశాను. అయిదోది ఇది: అక్టోబర్ 14న సాక్షి చెప్పిన రెండు మాటలు నేను మార్చాను. ఆ మాటల అర్థం ఇది. దీనివల్ల వేరే మనిషి జైల్లో ఉన్నాడు. సంతకం, చిరునామా.

పోస్టులో వేస్తే మా ఆఫీసుకే తిరిగొస్తుంది. రేపు ప్రాంతీయ ప్రాసిక్యూటర్ ఆఫీసుకి నేనే పట్టుకెళతాను. సెలవు అడగను, ఇవ్వరు.

23 ఫిబ్రవరి

నిన్న నాలుగు గంటలు వరండాలో కూర్చున్నాక పిలిచారు. తమారా ఇల్యినిచ్నా వెస్నినా, పెద్ద దర్యాప్తు అధికారి. యాభై దాటాయి, సిగరెట్ మీద సిగరెట్. ఉత్తరం రెండుసార్లు చదివింది.

"మీరు ఆ మాట గనుల పిల్ల దగ్గర విని, తర్వాత ఆ చిన్నదానికి అంటగట్టలేదని నాకేమిటి నమ్మకం? పొరుగువాడి కోసం ఎవరైనా చేస్తారు. పిల్ల అక్టోబర్‌లోనే ఆ మాట అన్నట్టు ఎక్కడైనా ఉందా?"

లేదనబోయాను. ఉంది. ఎక్కడుందో కూడా తెలుసు. ఈ పుస్తకంలో, అక్టోబర్ 14, కుడివైపు పేజీ, పక్కన ఎంత ముద్దుగా ఉంది అని కూడా.

రాత్రి బ్లేడు పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. సెప్టెంబర్ ముప్పయి పేజీ ఒక్కటి కోసేద్దామని. ఆ సాసేజుల మాట చాలు, బాబాయి ఒక కేసులోంచి బయటపడి ఇంకో కేసులో పడటానికి, నన్ను ఇన్‌స్టిట్యూట్ నుంచి గెంటడానికి. కానీ ఒక్క పేజీ తగ్గితే మిగతా అరవై మూడూ అబద్ధమే. ఇప్పటికి నేను దిద్దింది చాలు.

పొద్దున్నే పిన్ని తలుపు కొట్టాను. ఉప్పు డబ్బా ఇచ్చాను. మొత్తం చెప్పాను, ఆ పేజీ సంగతి కూడా, ఆ మాట అన్నది ఆమె మనిషి కాబట్టి. ఆమె డబ్బా పట్టుకుని నిలబడింది. "నవంబర్‌లో నీ దగ్గర ఉప్పుందని నాకు తెలుసు," అంది. తర్వాత, "ఇచ్చెయ్ పుస్తకం. ఆయన మాటే కదా, ఆయనే పడతాడు," అంది. డబ్బా తిరిగి నా చేతిలోనే పెట్టి లోపలికి వెళ్ళింది.

తొమ్మిది ఇరవై రైలు. ఈ వాక్యం స్టేషనులో రాస్తున్నాను. ఇక ఇది నా ఒక్కదాని కోసం రాసిన పుస్తకం కాదు. చదవబోయే వారికి: ఇందులో ఏదీ దిద్దలేదు.

2 ఏప్రిల్

పుస్తకం తిరిగొచ్చింది. ప్రతి పేజీకీ మూలన ఎర్ర పెన్సిలుతో నెంబరు వేశారు. ఒకటి నుంచి అరవై నాలుగు. వెస్నినా గారే చేతికిచ్చారు. "కోర్టుకి ఫొటోలు తీయించాను. తొమ్మిదో పేజీ మాత్రం ఎన్నిసార్లు తీసినా మసగ్గా వచ్చింది. మా ఫొటోగ్రాఫరుకి సాసేజులంటే పడదు," అన్నారు. మొహంలో నవ్వు లేదు.

జరిగింది క్లుప్తంగా రాసుకుంటాను, ఎక్కువ భాగం ఆమె చెప్పిందే. విచారణ వాయిదా వేయించారు. గనుల ఊళ్ళ నుంచి వచ్చి మా దగ్గర స్థిరపడినవాళ్ళు ముప్పై ఒక్కమంది తేలారు. అప్పుడు ఆమె ఇంకో ప్రశ్న వేసుకున్నారు: ఊరంతా హడలిపోయి ఉంటే, నలుగురు ఆడవాళ్ళు భయం లేకుండా ఎవరి వెంట అడవిలోకి నడిచారు? ఎర్రపట్టీ వాళ్ళ జాబితా తెప్పించారు. నేను టైపు చేసిందే. పుట్టిన ఊరు గడిలో గనుల ఊళ్ళు ముగ్గురివి. ఆ ముగ్గురి మీదా నిఘా పెట్టారు.

మార్చి పదిహేడున మధ్యాహ్నం రోగొవ్ తన కాపలా లేని రోజున చివరి హాల్టులో దిగాడు. బెంచీ మీద ఒంటరిగా ఉన్న అమ్మాయి పక్కన కూర్చున్నాడు. ఎర్రపట్టీ జేబులోంచి కొంచెం తీసి చూపించి, మళ్ళీ లోపల పెట్టుకున్నాడు. భయపడకమ్మా అన్నాడు. లేచి నడుద్దాం అన్నాక ఆ అమ్మాయి తన పోలీసు కార్డు చూపించింది. సంచిలో పేపరు పొట్లం, తాడు, కత్తి. చనిపోయిన వాళ్ళలో ఒకామె గడియారం అతని స్టోరులో దొరికింది.

నాతో ట్రాం స్టాపు దాకా నడిచిన మనిషి. ఆ ఉల్లిపాయ వాసన నేనూ పీల్చాను, ల్యూస్యా కంటే పదమూడు రోజుల ముందు. పిల్ల దాన్ని గుర్తుపెట్టుకుంది.

అతని వాంగ్మూలం ప్రాంతీయ ఆఫీసులో కొత్త టైపిస్టు టైపు చేసింది. సగంలో ఆగి, "ఇదేదో తప్పు మాటలా ఉంది, దిద్దనా?" అని అడిగిందట. వెస్నినా గారు కుర్చీ లాక్కుని ఆమె పక్కనే కూర్చుని, ఒక్కో అక్షరం కొట్టేదాకా కదలలేదట.

5 ఏప్రిల్

నన్ను ఉద్యోగంలోంచి తీసేశారు. కేసు పెట్టలేదు. ఇన్‌స్టిట్యూట్‌లో గట్టిగా మందలించి వదిలారు. అర్కాదీ సవేల్యెవిచ్ గారిని ఎక్కడికో బదిలీ చేశారు, ఎక్కడికని నేను అడగలేదు. మాండలిక పదాల సేకరణకి వేసవిలో వెళ్ళేవాళ్ళ జాబితాలో అవ్గుస్తా ల్వోవ్నా గారు నా పేరు మొదట రాశారు. వెళతాను. ప్రతి మాటనీ రెండుసార్లు అడుగుతాను.

9 ఏప్రిల్

యెఫీమ్ బాబాయి ఇంటికి వచ్చాడు.

మధ్యాహ్నం. వంటింట్లో అందరూ ఉన్నారు. ఎవరో గబగబా పిన్ని బల్ల మీద బల్బు తిప్పుతున్నారు, చెయ్యి కాలి తిట్టుకుంటున్నారు. ఆయన గుమ్మంలో నిలబడ్డాడు. కోటు రెండు సైజులు పెద్దదైపోయింది. పైవరస పళ్ళు మూడు లేవు. పిన్ని ఆయన టోపీ తీసి కొక్కేనికి తగిలించింది, రోజూ లాగే.

నేను చెప్పాలనుకున్నదంతా వరసగా అనుకుని ఉంచుకున్నాను. ఆయన ఎదురుగా నిలబడి, "బాబాయ్, ఆ మాట మార్చింది నేనే," అన్నాను. అంతే వచ్చింది.

"చెప్పిందమ్మా మీ పిన్ని. ఉత్తరంలో రాసింది." కూర్చున్నాడు. టీ గ్లాసుని రెండు చేతులతో పట్టుకున్నాడు. "అక్కడ నా కాగితం నాకు చదివి వినిపించారు. ఎంత బాగుందో. నేనే అన్నానంటే నమ్మేలాగే ఉంది. మొదట్లో నేను ఇలా అనను బాబూ అన్నాను. తర్వాత అనడం నేర్పారు."

వాతావరణం మార్చాలని కాబోలు, పిన్ని, స్టేషను నుంచి ఎలా వచ్చావని అడిగింది.

ఆయన గ్లాసు బల్ల మీద పెట్టాడు. పెదాలు రెండూ మూశాడు, గట్టిగా, చిన్నపిల్లాడు పాఠం అప్పగించే ముందులా. "ట్రాం," అన్నాడు. ఆగాడు. "వాయ్‌లో."

తర్వాత నా వైపు చూశాడు.

"సరిగ్గానే అన్నానా అమ్మా?"

నేను తల అడ్డంగా ఊపాను. మీరు అనే మాట అనండి బాబాయ్ అన్నాను. ఆయనకి అది గుర్తు రాలేదు. నిజంగానే వెతుక్కున్నాడు, నుదురు ముడిచి. అప్పుడు నేనే అన్నాను, ఆయన అనే పద్ధతిలో, పెదాలు మూయకుండా. ఇంకోసారి అన్నాను.

మూడోసారికి ఆయనా నాతో కలిపి అన్నాడు.

విన్నది: ట్రాన్వాయ్.